ఎండు బఠాణీలు

పార్నులో నవంబరు. నాలుగింటికే చీకటి.
లైబ్రరీ మేడమీద, మంగళవారాలు,
నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్పుతాను.
నా పనిముట్లు రెండే:
ఖాళీ కాఫీ డబ్బా, గుప్పెడు ఎండు బఠాణీలు.

ముక్కు తడుముకుంటే ఒక గింజ. టంగ్.
గొంతు ఊరికే సవరించుకుంటే, టంగ్.
బ్యాంకులో పనిచేసే లీవికా
చెవిపోగు తిప్పుతూనే ఉంటుంది,
ఏదో రేడియో స్టేషను దొరకనట్టు.
ఆవిడ మాటల్లో ఒక్కటీ గుర్తులేదు నాకు.
చెవిపోగు ఆకుపచ్చది.

ఆ వారమే హెల్దూర్ వచ్చాడు.
ముప్ఫయ్యొక్కేళ్ళు దీవికి పడవ నడిపిన మనిషి.
చలికాలం ఆ పడవ ఆపేస్తారట,
పురసభలో మూడు నిమిషాలు మాట్లాడాలట.

మొదటిసారి నలభై రెండు గింజలు.
"అంటే" అంటాడు.
కాసేపాగి మళ్ళీ "అంటే" అంటాడు.
ఏమంటాడో మాత్రం అనడు.
కోటు జేబులో కుడిచెయ్యి,
చేతిలో తాళంచెవుల గుత్తి,
మెడలో గంట కట్టిన మేకపిల్ల
జేబులో గెంతుతున్నట్టు.
పైగా ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి
ఒకటే ఊగుడు.
కుర్చీలో కూర్చున్న నాకు కడుపులో తిప్పింది.

"ఊగకండి. ఇది నేల" అన్నాను.
"నేల మీద నిలబడటం
నాకెవరూ నేర్పలేదు" అన్నాడు.

నీళ్ళు నమలకండి అనబోయి ఊరుకున్నాను.
ఉప్పునీళ్ళ మీదే బతుకు వెళ్ళదీసినవాడికి
ఆ మాట ఏం చెప్పను?

కాళ్ళ కింద పాత పేపర్లు పరిచాను.
కాగితం గరగరమంటే గింజ.
ఊతపదం నోటికొచ్చిన చోట
పెదాలు మూసి ఊపిరి పీల్చుకోమన్నాను.
నిశ్శబ్దం కరవదు, చూడండి, అన్నాను.
రెండోవారం ముప్ఫై.
మూడోవారం జలుబు, రాలేదు.
నాలుగోవారం ఆరు.

తాళంచెవులు మాత్రం వదల్లేదు.
"అన్నీ ఇంటివేనా?"
"ఒకటే ఇంటిది. మిగతావి నా పడవవి.
దాన్ని తుక్కుకి అమ్మేశారు.
ఇవి అడగడం మర్చిపోయారు."

సభ రోజు హాలంతా తడి ఉన్ని వాసన.
ముందు మాట్లాడినాయన
కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, తీశాడు.
రోడ్ల గురించో, మురుగు గురించో.

హెల్దూర్ లేచాడు.
చేతులు బయటే ఉన్నాయి. ఊగలేదు.
గురువారాలు వచ్చే డాక్టరు గురించి,
పదకొండుమంది బడిపిల్లల గురించి,
పడవకి మందమై, కారుకి పల్చనయ్యే
ఫిబ్రవరి మంచు గురించి చెప్పాడు.
చెప్పి, ఆగిపోయాడు.

అంటే, అన్నాయి నా పెదాలు.
ఆయన అనలేదు.
చెయ్యి జేబులోకి వెళ్ళింది.
అయిపోయింది, అనుకున్నాను.

గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.
ఒక్కటే చప్పుడు.
ఫోను చూసుకుంటున్న వాళ్ళు కూడా తలెత్తారు.
"ఇవి నా దగ్గర ఉండకూడదు.
ఇప్పుడివి ఏ తలుపూ తెరవవు.
కొత్త పడవకి కొత్తవి చేయించండి" అని
కూర్చున్నాడు.

నిర్ణయం జనవరికి వాయిదా వేశారు.

బయట మంచు సన్నగా రాలుతోంది.
"ఎన్ని?" అనడిగాడు.
నా గుప్పిట్లో ఒక గింజ, చెమటకి మెత్తబడింది.
"ఇది వెయ్యాలో వద్దో తేలలేదు."
"నేను మాట్లాడినంతసేపూ
మీ పెన్ను మూత తెరిచారు, మూశారు.
పంతొమ్మిదిసార్లు" అన్నాడు.

వీధి చివరిదాకా మాటల్లేకుండా నడిచాం.
మలుపులో ఆగి, జేబు తడుముకుని,
"అంటే..." అన్నాడు.

ఇంటి తాళంచెవి కూడా ఆ గుత్తిలోనే ఉంది.