ముందు నలుపు

కొండ మలుపులో వ్యాను ఆపగానే
ముందు తరిమెన చప్పుడు,
ఆ తర్వాతే కుక్క.

ఇద్వాల్ కిటికీలోంచి చెయ్యూపుతాడు.
నాది టపా వ్యాను, కుంకుమంత ఎరుపు.
అతనికి మాత్రం
వానకు నానిన ఫెర్న్ ఆకుల రంగట.
ఎరుపూ ఆకుపచ్చా అతని కళ్ళలో
పుట్టుకనుంచే తేడా తెలియని కవలలు.

అలాంటివాడు గిన్నెలకు రంగులద్దుతాడు.

రెండేళ్ళ కిందటి ఫిబ్రవరి గాలికి
చర్చి వెనక సికమోర్ కూలింది.
పైకి ఉత్త తెల్లకర్ర, మీగడ రంగు.
తరిమెనకెక్కించి పొట్ట తొలిచాక
లోపల్నుంచి అలలు బయటపడ్డాయి,
పోటు తీసిన ఇసుకమీద
నీళ్ళు మరిచిపోయిన మడతల్లా.
ఏ చెట్టులో ఉంటాయో కోస్తేగాని తెలీదట.

మొదటిసారి చూసినప్పుడు
గిన్నె నిండా నలుపు పూస్తున్నాడు.
అయ్యో, పాడైందే అన్నాను.
"టీ తాగు," అన్నాడు.
నా టీ అయ్యేలోపు
గరుకు కాగితంతో ఆ నలుపంతా రుద్ది తీసేశాడు.
అంతా పోలేదు.
నిలువుగా లేచిన నారలు దాహంకొద్దీ తాగేశాయి.
అడ్డంగా పడుకున్నవి
పెదవి తడుపుకుని ఊరుకున్నాయి.
ఇందాక కంటికి ఆనని అల
ఇప్పుడు ఎముకలతో సహా నిలబడింది.

తర్వాత ఇంకో రంగు. మళ్ళీ రుద్దుడు,
ఈసారి చెయ్యి కాస్త తేలిగ్గా.
దానిమీద మరొకటి, స్పిరిట్‌లో పల్చగా.
పూసినదాంట్లో మూడొంతులు
నేలమీద రజనైపోతుంది.
కుక్క ఆ రజనులో పొర్లి
ప్రతి శుక్రవారం ఒక కొత్త కుక్కవుతుంది.

సీసాలకు పేర్లు రాసింది అక్క టెగ్వెన్,
ఉన్నిమిల్లు రంగుతొట్ల దగ్గర
ముప్పయ్యేళ్ళు గోళ్ళు నానబెట్టుకున్న మనిషి.
డెబ్బై ఒకటో ఏట పెట్టె సర్దుకుని
పటగోనియా వెళ్ళిపోయింది,
అక్కడి పిల్లలకు వెల్ష్ నేర్పుతానని.
ఉత్తరాలు నేనే తెచ్చిస్తాను.
ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట:
"మూతలు గట్టిగా బిగించు."

బిగించలేదు.
పోయిన నెల స్పిరిట్ ఒలికి
చీటీలమీది సిరా మొత్తం కడుక్కుపోయింది.
పదకొండు సీసాలు, పదకొండు మూగనోళ్ళు.
అక్కకు ఫోన్ చెయ్యలేదు. పరువు.
చెక్కపేళ్ళమీద ఒక్కో చుక్క వేసి
ముదురెంతో లేతెంతో చూసుకుని
గిన్నె పూర్తిచేశాడట.

ఇవాళ సంతకం పెట్టాల్సిన కవరు ఉంది.
కలం అందుకోకుండా
గిన్నె నా చేతుల్లో పెట్టాడు.
"ఏ రంగు?"

అలివి దగ్గర, వాన వెలిసిన పూట,
నది ఏదో సముద్రమేదో
కొంగలకు కూడా తెలియని గంటలో
అడుగున నల్లటి బురద కనబడుతూ
పైన ఆకుపచ్చగా కదిలే నీళ్ళుంటాయే,
అదీ.
కాని రంగు ఎన్నడూ చూడనివాడికి
నీళ్ళు చూపిస్తే ఏం లాభం?
గడ్డినీ దూరపు కొండనీ సముద్రాన్నీ
మా అవ్వ ఒకే మాటతో పిలిచేది.
ఆ మాటే అన్నాను: "గ్లాస్."

కాసేపు తరిమెన కూడా ఊపిరి బిగబట్టింది.
"కార్డిఫ్ ఆవిడ నిప్పురంగు అడిగింది," అన్నాడు.

ఆపైన నవ్వాడు. నేనూ నవ్వాను.
కుక్క ఎందుకో మొరిగింది.

గుడ్డతో నూనె రాసి
గిన్నెను కిటికీ వెలుగులో మెల్లగా తిప్పాడు.
"ఇక్కడ చూడు, అంచుకింద.
అల విరిగి వెనక్కి మళ్ళింది."
వంగాను, కళ్ళు చికిలించాను.
నాకు పచ్చదనమే అడ్డొచ్చింది.
అతని వేలు ఆగినచోట వేలు పెట్టి
గుడ్డిదానిలా తడిమాను. నున్నగా ఉంది.

పాత పత్రికలో చుట్టి చీటీ పెట్టాడు:
"నిప్పు దొరకలేదు. నచ్చకపోతే తిప్పి పంపండి."

పార్సిల్ రసీదు నేనే రాశాను.
లోపల ఏముంది: గిన్నె, ఒకటి.
బరువు: తొమ్మిదివందల గ్రాములు.
పగిలే వస్తువా: కాదు.
రంగుకు అందులో గడి లేదు.