కుండెవురిది?

గోడకి పదిహేను వందలు, రంగులు మావే.
కనిగిరి నుంచి పామూరు రోడ్డెమ్మట
ఇప్పటికి ముప్పై రెండు అంగన్‌వాడీలు,
ముప్పై రెండు కాకులు.

స్టెన్సిలు ఆనించి నల్లరంగు కొట్టి
ముక్కున ఒక గులకరాయి పెట్టి
కింద నీతి రాస్తే పనైపోతుంది:
ఉపాయముంటే అపాయం లేదు.
కన్ను మాత్రం చేత్తో పెడతాను,
అంత చిన్న కంత కోస్తే అట్ట చిరుగుతుంది.

ముప్పై మూడో ఊళ్లో
పసుపు డబ్బాలోనే గడ్డకడుతున్న ఎండలో
మనవడికి గుడ్డు ఇప్పించుకోను వచ్చిన ఓబులమ్మవ్వ
నా వెనక నిలబడింది.
నిలబడింది అనకూడదేమో.
నడుం దగ్గర మడత పడి ఉంది,
పారేసుకున్న సూదిని నేలమీద వెతుకుతున్నట్టు.
తల పైకి లేవదు గనక
మెడ పక్కకి తిప్పి
ఒంటి కంటితో గోడను చూసింది,
అచ్చం కాకి చూసినట్టే.

“కుండెవురిదబ్బయా?”

ఎవురిదైతే ఏందవ్వా, ఇది కాకి కథ గదా అన్నాను.

“కాకి కుండ చేసిద్దా?
చేదబాయి కాడ కాకి వరసలో నిలబడిద్దా?
ఎవురో ఒకామె నెత్తిన మోసుకొచ్చుంటది.
మళ్లీ నీళ్లకి పోతా పోతా
అడుగున నాలుగు గుక్కలు ఒంపకండా వదిలిందంటే
మతిమరుపనుకున్నావా?
నేనూ అట్టనే వదిలేదాన్ని.
పిట్టలు నోళ్లు తెరుచుకోనుంటయ్యి ఈ కాలంలో.”

నా చేతిలో కుంచె కారిపోతోంది.
ముప్పై రెండు కుండలు గీశాను.
చుట్టూ పసుపు నేల తప్ప
ఒక్కదానికీ మనిషి లేదు.

ఈలోగా పిల్లోడికి ఇంకో అనుమానం.
వాడి ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు,
ఎవరో టీలో ముంచి తీసినట్టు.
“అవ్వా, అవి బోరునీళ్లా, క్యాను నీళ్లా?”

“బోరువే.”

“తాగితే కాకి కాళ్లు వంకర పోవా?”

అవ్వ నవ్వింది. నవ్వుతుంటే ఆయాసం వచ్చింది.
గోడకి చెయ్యి ఆనించబోయి, తడి రంగని తీసేసుకుంది.
“దాని బతుకెంతరా, అది ఎగిరిపోయిద్దిలే.
నలభై ఏళ్లు తాగినాం మేము.
ఒక్కో గుక్కకి ఒక్కో రాయి.
దప్పిక తీరింది,
రాళ్లు లోపలుండిపోయినయ్యి.”
మోకాలి మీద వేలితో కొట్టి చూపించింది,
పచ్చి కుండో కాలిన కుండో
సంతలో కొట్టి చూసుకున్నట్టు.

గుడ్డు కొంగున కట్టుకుని వాళ్లు పోయారు.
నేను చెట్టుకింద క్యారేజీ విప్పి
కనిగిరి నుంచి తెచ్చుకున్న సీసా ఎత్తాను.
సగం తాగాక గుర్తొచ్చి
మూత పెట్టేశాను.
ఎవరి కోసమో తెలీదు, ఊరికే.

సాయంత్రం కుండ పక్కన, బొమ్మ అంచుకి
ఒక కాలి మడమ వేశాను,
పగుళ్లతో, దాని మీద తడిసిన చీర కుచ్చిళ్లతో.
మిగతా మనిషి గోడ దాటి వెళ్లిపోయినట్టు.
వెనక రెండు తడి అడుగులు,
నీలంలో కాస్త సున్నం కలిపి.

సూపర్‌వైజరు ఫోను ఎత్తి ఫోటో తీశాడు.
కాకి ఉంది, కుండ ఉంది, నీతి ఉంది,
లెక్క సరిపోయింది.
ఆ మూల ఏందని అడిగాడు.
రంగు ఒలికిందన్నాను.
పదిహేను వందల్లో వంద కోసుకున్నాడు.

ముప్పై నాలుగో ఊళ్లో
స్టెన్సిలు వెలుగుకి ఎత్తి చూశాను.
కాకి సందున ఆకాశం కనపడుతోంది,
కుండ సందున, ఐదు రాళ్ల సందున.
ఆమె ఉండాల్సిన చోట
అట్ట అట్టలాగే ఉంది.

బండి స్టాండు వేసి
బ్లేడు కోసం కొట్టుకి పోయాను.