అరువు గీత

పగలంత సిరోంచ దవాఖానల రక్తం జూస్త.
రాత్రి క్వార్టర్ల మిద్దె మీద ఇంకో పని.
రెండిట్లకూ కన్ను ఒకటే, కుడిది.

దక్షిణం నాకు ఎప్పుడో పోయింది.
బరాజు లైట్లు గోదారి మీద
తెల్లారేదాక పెండ్లి జేస్తయ్.
మిగిలింది ఉత్తరం, అడివి దిక్కు.
అక్కడ కరెంటు పోతే రెండొద్దులు రాదు.
నా అసుంటోళ్ళకు సర్కారు జేసే సాయం అదొక్కటే.

మార్గశిరంల ఒక రాత్రి, మూడు కొట్టినంక,
మంచంకోళ్ళ కింద,
నంబరు తప్ప పేరు లేని పాలమరక.
పోయిన వారం ఫోటో పక్కన గీ రాత్రి ఫోటో పెట్టి
ఇటొకసారి అటొకసారి
స్లైడు మార్చినట్టు మార్చిన.
రెక్క చివర ఒక చుక్క ఎక్కువుంది.

నమ్మలే. నమ్మకపోవుడే ఈ పనిల సగం.
కెమెరా మీది మచ్చనా?
దుర్భిణిని జరంత పక్కకు జరిపిన,
చుక్క మరకను ఇడిసిపెట్టలే.
తిరిగే రాయా?
ప్రాణహిత మీదికెల్లి కొట్టే సలికి
శాలువ కప్పుకొని గంట కూసున్న.
నడవలే.
అంకెలు రాసి పంపుదామంటే సిగ్నల్ లేదు.
నీళ్ళ టాంకి ఎక్కి ఫోను పైకి వట్టి పంపిన.
నలభై నిమిషాల ముందటనే
సముద్రం అవతల ఎవలో పంపిన్రట. పేరు వాళ్ళది.
బాధ గాలేదంటే అబద్ధం.
టాంకి మెట్లు యాభై మూడు,
దిగేటప్పుడు లెక్కవెట్టిన.

నాలుగొద్దులకు పెద్ద అద్దమున్నోళ్ళు
ఆ ఎలుగును ఇప్పి జూసిన్రు.
ఎలుగును ఇప్పితే గీతలొస్తయ్.
హైడ్రోజన్ గీత ఉంటే రెండో రకం, లేకుంటే ఒకటోది.
ఉన్నది.
రెండు అని రాసిన్రు.

గా వారమే రైనూ వచ్చింది,
జిమ్మలగట్ట దిక్కుకెల్లి, వాళ్ళవ్వ వెంట,
కీళ్ళు నొస్తున్నయని.
పదకొండేండ్లుంటయ్. మాడియా తప్ప రాదు.
నాకు ఆ భాషల ముప్పై మాటలొస్తయ్,
అందుల పది నొప్పులయే.
నా దగ్గర గూడ గీతలే.
రక్తాన్ని కరెంటుల నడిపిస్తే దేనికది విడిపోతది.
ఏ గీత కనవడ్డది, ఎస్ గీత కనవడ్డది.
రెండూ ఉంటే మోసేటోళ్ళు, రోగం గాదు.
పసుపు కార్డు రాసిచ్చిన.
పిల్ల దాన్ని ఎండకు పట్టి జూసి నవ్వింది.

మాఘంల ఆ చుక్కను మళ్ళ ఇప్పిన్రు.
హైడ్రోజన్ సన్నగైంది, హీలియం బయటవడ్డది.
మీద కప్పుకున్న పలచటి పొరేనట అది,
లోపల సంగతి వేరే.
రకం పక్కన ఒక అక్షరం చేర్చిన్రు.
ఎవలూ తప్పు ఒప్పుకోలే. ఒప్పుకునేటంత తప్పు గూడ గాదు.

నాకు మాత్రం నిద్ర వట్టలే.
మోసేటోళ్ళకు కీళ్ళు అంత ఎందుకు నొస్తయ్?
తెల్లారి ఆశాతాయికి ఫోను జేసిన.
సాయంత్రం అడిగి చెప్పింది:
కార్తీకంల అహేరిల సీసెడు రక్తం ఎక్కిచ్చిన్రట.
నేను అడగలే. రిజిస్టరుల ఆ గడి ఖాళీగున్నది,
నా రాతనే.

అరువు రక్తం అరుగుటానికి మూణ్ణెల్లు.
ఫాల్గుణంల రమ్మన్న.
ఒక్కటే గీత.
ఇంకో పది నిమిషాలు కరెంటు నడవనిచ్చిన,
ఏమన్న విడిపోతదేమోనని.

ఎర్ర కార్డు రాసి పసుపుది ఇయ్యమన్న.
ఇయ్యలే.
ప్లాస్టిక్ కవరుల పెట్టి మెడల ఏసుకున్నది.
రెండూ ఉంచుకో అందామంటే
నా ముప్పై మాటల్ల ఆ మాట లేదు.
చేత్తోటి చెప్పిన.

ఆ చుక్క ఇప్పుడు నా అద్దానికి అందది.
అయినా రాత్రి మిద్దెక్కిన.
ఉత్తరం చీకటిగున్నది, పనికొచ్చే చీకటి.
అందుల ఏ కాడనో రైనూ ఊరు.
దుర్భిణి మూత తియ్యకుంట నిలవడ్డ.
జర కరెంటు వస్తే బాగుండనిపిచ్చింది.