పన్నెండు గ్రాములు

ఖాళీ కాటా మీద పన్నెండు గ్రాములు.
తుడిచాను, ఊదాను, బోర్లించి తట్టాను.
పన్నెండే.

"లోపం కనిపించేలా ఫొటో పెట్టండి మేడమ్."
ఏమీ లేని పళ్లేన్ని
ఏ వైపు నుంచి తీయను?

మూడోసారి ఫోనెత్తిన పిల్లకి దగ్గు.
మా బ్రాడీపేట మిరపఘాటు
లైన్లో వెళ్లిందేమో అనుకున్నా.
"మీ సహనానికి ధన్యవాదాలు" అంది, దగ్గుతూనే.

పికప్ కుర్రాడొచ్చేసరికి
సున్నా చూపిస్తూ కూర్చుంది, నంగనాచి.
"బానే ఉందిగా అక్కా!"
అంటూనే తుమ్మాడు.
పన్నెండు.

డబ్బులు ఏడు పనిదినాల్లో వస్తాయట.

రాత్రి లెక్కల పుస్తకం తీశాను.
శారదా కాలనీ సుగుణమ్మగారికి పావుకిలో,
లాడ్జి సెంటర్ మెస్సుకి నాలుగు అరకిలోలు...
ఎనిమిది రోజులుగా కట్టిన కారం,
పొట్లానికి పన్నెండు తక్కువ.

వాళ్లెవరూ ఫోన్ చెయ్యలేదు.