మచ్చలు లేని నూరేళ్ళు

ఓర్లీన్స్ ఊరి చివర, క్లామత్ నది వంపులో
కోసి పడేసిన పైన్ మొద్దు ముందు మోకాళ్ళ మీద కూర్చుని
పెన్సిల్ మొనతో ఏళ్ళు లెక్కపెడుతున్నాను.
చెట్టు రాసుకున్న డైరీ చదవడం నా ఉద్యోగం.

నడిమి నుంచి బయటికి
ఆరేళ్ళకో నల్లటి మచ్చ. మళ్ళీ నాలుగేళ్ళకి. మళ్ళీ ఏడు.
నిప్పు వచ్చి, బెరడు తట్టి, క్షేమం కనుక్కుని
వెళ్ళిపోయిన గుర్తులు.
ఆ తర్వాత ఏమీ లేదు.
బెత్తెడు మందాన తెల్లటి మౌనం.
నూరేళ్ళు.

"అయితే అప్పట్నుంచీ అడవి సుఖంగా ఉందన్నమాట,"
కొత్తలో అన్నాను.
లావెర్న్ నా వంక చూసింది
ఏడాదిగా ఊడ్వని ఇంట్లోకొచ్చి
ఎంత ప్రశాంతంగా ఉందో అన్న మనిషిని చూసినట్టు.

ఆమెకు డెబ్బై ఒకటి. కరూక్ మనిషి. బుట్టలల్లుతుంది.
హేజెల్ పొద ఒకటి వంచి చూపించింది:
వంకర్లు, బొడిపెలు, కణుపు కణుపుకీ కొమ్మ.
"దీనితో బుట్ట మాట దేవుడెరుగు, బెత్తం కూడా రాదు.
ఒకసారి కాల్చు. రెండో వసంతానికి
బాణంలా లేస్తుంది."

వాళ్ళ తాతమ్మ సద్దిడబ్బాలో నిప్పుకణిక దాచుకుని
చుట్టాలింటికి పోతున్నట్టు కొండెక్కేదట.
రేంజర్ అడిగితే పిడుగు పడిందనేది.
మబ్బు తునక లేని రోజున కూడా పిడుగే.
మూడోసారి జైల్లో పెట్టారు.
"మా బుట్టలు అప్పట్నుంచే వంకర."

ఆ మాట దగ్గర నా పెన్సిల్ ఆగింది.

మా నాన్న మారేడుమిల్లిలో ఫారెస్టు గార్డు.
పోడు కొట్టిన కొండరెడ్ల మీద కేసులు రాసేవాడు,
గుండ్రటి, ముచ్చటైన చేతిరాత.
పట్టుకున్న గొడ్డళ్ళు మా పెరటి గోడకు ఆనించి ఉండేవి.
చేతులు అరగదీసిన ఆ పిడుల నునుపు
చిన్నప్పుడు తడిమి చూసేదాన్ని.
పోడూ ఇదీ ఒకటి కాదు, తెలుసు.
కేసు రాసే చెయ్యి మాత్రం ఒకటే.

అక్టోబరు. తొలి వాన పడి నాలుగు రోజులు.
అనుమతి కాగితం మూడు ఆఫీసులు తిరిగింది.
గాలి శాఖవాళ్ళు నిన్న వద్దన్నారు,
మొన్న ఫోనే ఎత్తలేదు, ఇవాళ సరేనన్నారు.
లావెర్న్ మనవడు డెల్మర్ పసుప్పచ్చ చొక్కా తొడుక్కుని
టాన్‌ఓక్ చెట్ల కింద రాలుటాకులకి అంటించాడు,
గట్టు పైనుంచి కిందికి, గాలికి ఎదురుగా.

నాకు తెలిసిన మంట వేరు.
ఎగువన ఒక ఊరిని ఒక్క రాత్రిలో మింగింది,
దానికి నూరేళ్ళ ఆకలి.
ఇది మోకాలెత్తు కూడా లేదు.
పాకే పిల్లాడిలా, ఆగి ఆగి,
ఒక్కో ఆకునీ నోట్లో పెట్టుకుని చూస్తోంది.

ఓక్ కాయల్లో ముక్కుపురుగులు చిటపటమన్నాయి.
"నిప్పుకు చెదలు పట్టదని మా వైపు సామెత," అన్నాను.
"నిప్పుంటే చెట్టుకీ పట్టదు," అంది.

పొగ లోయలోకి జారి నది మీద పల్చగా గొడుగు పట్టింది.
ఆ నీడకి నీళ్ళు చల్లబడి సాల్మన్ చేపలు పైకొస్తాయట.
నేను థర్మామీటర్ ముంచాను.
అంకె కదల్లేదు.
"ఇంత పొగ ఏం చాలుతుంది," నవ్వింది,
"కొండలన్నీ కలిసి వెయ్యాలి."

మధ్యాహ్నం టార్చి నా చేతికిచ్చింది.
అప్పుడు చెప్పాను నాన్న సంగతి.
చాలాసేపు మాట్లాడలేదు.
"గొడ్డళ్ళు తిరిగిచ్చాడా?"
"లేదు. వేలం వేశారు."
"ఊఁ."
మంట అంచున బూటుతో ఒక కొమ్మని లోపలికి తోసి
"ఆ మూల మిగిలింది చూడు," అంది, "అంటించు."

మొదటిసారి అంటుకోలేదు.
ఆకులు ఇంకా తడి.
వంగి, కాస్త పొడి ఆకు వెతుక్కుని
మళ్ళీ పెట్టాను.