ఒక మెడ తక్కువ

ఆదోని మున్సిపాలిటీలో
ఇరవై ఆరేండ్లుగా మినిట్స్ రాసేది నేనే.
నిజం చెప్పాలంటే ముందురోజు రాత్రే రాసి పెట్టుకుంటా.
నలభై రెండు అంశాలు, ప్రతి అంశం కింద అదే ముక్క:
"కౌన్సిల్ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది."
తేదీకి మాత్రం ఖాళీ వదుల్తా.

పదకొండుకు సమావేశం, పన్నెండుకు ఉప్మా.
ఆ మధ్యలోనే ఊరి బతుకంతా:
కాలువ పూడిక, కుక్కల ఆపరేషన్లు,
మార్కెట్ గేటు వేలం, చెత్తబండి టైర్లు.
నేను నంబరు చదువుతా,
చైర్మన్ తలెత్తకుండా "ఆమోదం" అంటాడు,
చేతులు లేస్తాయి.
ఫోను పట్టుకున్న చెయ్యి, ఉంగరాల చెయ్యి,
పత్తి నూగు అంటిన మిల్లు వీరభద్రప్ప చెయ్యి.
ఈగను తోలిన చెయ్యి కూడా
నా లెక్కలో ఆమోదమే.

తొమ్మిదో తరగతిలో తెలుగు అయ్యవారు అడిగినాడు:
"దశగ్రీవుడంటే పది మెడలోడు. మరి ఏకగ్రీవం?"
పిల్లోళ్లమంతా నవ్వినాం.
ఇప్పుడు ఈ హాల్లో చూస్తాండా,
ముప్పై ఆరు తలలకు ఒకే మెడ.
రావణుడే నయం,
తలకొకటి ఉండె.

ముప్పై ఒకటో అంశం.
వేసవిలో ట్యాంకర్ల నీళ్లు,
చైర్మన్ గారి ముందస్తు అనుమతితో అయిన ఖర్చు
పద్నాలుగు లక్షల ఎనభై వేలు.
నీళ్లు పోసేది అయిపోయింది, బిల్లు రాసేది అయిపోయింది,
చేతులొకటే బాకీ.

ఇరవై మూడో వార్డు దస్తగిరమ్మ లేచింది.
చేతులు లేచే చోట మనిషి లేవడం
మాకు అలవాటు లేదు.
మైకు ఆమె దాకా పోలా. అవసరం కూడా పడలా,
బస్టాండు ముందర ఉగ్గాని బండి కాడ
బస్సు హారన్ల మీద పెరిగిన గొంతు అది.

"మా వార్డుకు ట్యాంకరు రెండు తూర్లు వచ్చింది.
మీ కాగితంలో నలభై ఒకటి ఉంది.
రాని నీళ్లకు ఎత్తితే
నా చెయ్యి తడుస్తాదా?"

"కూర్చో అక్కా, తర్వాత మాట్లాడుకుందాం,"
అన్నాడు ఖాజామొద్దీన్.
ఆమె కూర్చోలా.
చైర్మన్ నా వైపు చూసినాడు,
నేను కమిషనర్ వైపు,
కమిషనర్ ఫ్యాను వైపు.

"సరే, వద్దనేవాళ్లు చేతులెత్తండి."

ఆ మాట ఆ హాల్లో నేను వినడం అదే మొదలు.
కాగిన నూనె చిట్లి మచ్చలు పడిన చెయ్యి
మోచెయ్యి వంచకుండా లేచింది.
నిలబడి లెక్కపెట్టినా. ఒకటి.
రూలు ప్రకారం మళ్లీ పెట్టినా.
ఒకటే.
పక్క కుర్చీలో పదహారో వార్డు మాబున్ని
దేనికీ చెయ్యెత్తకుండా బల్ల కింద వేళ్లు నలుపుకుంటా ఉండె.
బల్ల కిందవి లెక్కకు రావు.

ముప్పై నాలుగు అటు, ఒకటి ఇటు.
తీర్మానం పాసైంది.
ఉప్మా ఇంకా వేడిగానే ఉండె.

రాత్రి రిజిస్టరు తెరిచినా.
తెల్లమందు పూయకూడదు, ఒక్క గీతతోనే కొట్టేయాల,
కింద మాట కనపడాల, పక్కన పొట్టి సంతకం.
"ఏకగ్రీవముగా" మీద పెన్ను పెట్టి
కొంచేపు అట్లే ఉండిపోయినా.
నాకు ఓటు లేదు.
ఉండేదల్లా ఈ గీత.
గీసినా. పైన ఇరికించి రాసినా:
"శ్రీమతి బి. దస్తగిరమ్మ వ్యతిరేకించగా
మెజారిటీతో".

పొద్దున ఉగ్గానికి పోతే
పొట్లం కడుతూ అడిగింది:
"నా మాట రాసినావా సారూ?"
"రాసినా."
"ఎంత పొడుగుంది?"
"రెండు వరసలు."
"రెండేనా," అని
బాండ్లిలో బజ్జీలు తిప్పింది.
పక్కన ఖాళీ బిందె,
కుళాయి కింద తన వంతుకు కూర్చోని ఉంది.