ఐదో వాక్యం

మున్నేకొళాల సందులో
బ్యాటరీల అంగడి మీద రెండో అంతస్తు.
ఆదివారం పొద్దున ఏడింటికి ఇంగ్లీషు.
బోజమ్మ మేడం బోర్డు మీద రెండే మాటలు రాసింది:
లైక్ ఎనీథింగ్.
"ఏదైనా సరే, మితిమీరితే వాడొచ్చు.
వచ్చే వారానికి ఐదు వాక్యాలు రాసుకుని రండి."

ఆ మాట నాకేం కొత్త కాదు.
నీళ్ల ట్యాంకరు తోలేవాడికి
వ్యాకరణం తిట్లలోంచే వస్తుంది.
ఆరో బ్లాకు సెక్రటరీ ఫోన్లో అరిచినప్పుడల్లా
చివర అదే తోకలా ఊగేది.
ఆలస్యం లైక్ ఎనీథింగ్. రేటు లైక్ ఎనీథింగ్.
దేనిలాగో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మాది మడకశిర పక్క.
మాకు ప్రతి అతికీ ఒక పోలిక ఉండాల.
వాన కుండతో కుమ్మరించినట్టు,
ఎండ పెనం మీద నిలబెట్టినట్టు,
ఆకలి పేగుల్ని తాడు పేనినట్టు.
పోలిక దొరక్కపోతే ఉండనే ఉంది, శానా.
అదీ చాలకపోతే
శా అనే అక్షరాన్ని పట్టుకుని
బావిలోకి చేద వదిలినట్టు వదుల్తాం.
నీళ్లు తగిలేదాకా దీర్ఘం.
తగిలినాకే నా.

వర్తూరు బోరు కాడ, తెల్లారి మూడింటికి,
పదకొండు లారీల వెనక నా లారీ.
స్టీరింగు మీద నోటుబుక్కు ఆనించి రాసినాను.
ఒకటి, ట్రాఫిక్కు లైక్ ఎనీథింగ్.
రెండు, దోమలు లైక్ ఎనీథింగ్.
మూడు, మా క్లీనరు ఇమాంసాబు గురక లైక్ ఎనీథింగ్.
వాణ్ని లేపి వినిపిస్తే పడీపడీ నవ్వినాడు.
నాలుగోది అట్లా దొరికింది.

ఐదు అని అంకె వేసినాను.
ముందున్న లారీలు కదలడం మానేసినాయి.

దిగి పోయి చూస్తే
పైపు దగ్గుతా ఉంది.
ఎర్రటి బురద ఒక పుక్కిలి.
తర్వాత గాలి.
తర్వాత గాలి కూడా లేదు.
బోరు ఓనరు చిక్కమునెప్ప
పైపు మూతి కాడ అరచెయ్యి పెట్టి నిలబడినాడు,
లేవలేని ఆవు ముక్కు కాడ పెట్టి చూస్తారే, అట్లా.
మోటరు ఎవరో ఆపినారు.
"ఆయ్తు" అన్నాడు.
కన్నడంలో అంతే. అయిపోయింది అని.
దానికి ముందూ వెనకా ఏమీ తగిలించలేదు.

క్యాబిన్లోకొచ్చి ఐదో అంకె పక్కన పెన్ను పెట్టినాను.
దేంతో పోల్చేది?
కుండ అందామంటే దాంట్లో పోసేది ఇదే.
చెరువు అందామంటే అది ఎండినందుకే కదా ఈ బోరు.
అప్పుడు తెలిసింది,
నా దగ్గరున్న పోలికలన్నీ నీళ్లతో చేసినవే.

ఐదున్నరకి ఫోను.
"నీళ్లేవి? ఎంత లేటు ఇంకా?"
మామూలుగా అయితే అరగంట సార్ అంటాను.
అరగంట అన్నది కూడా ఒక లెక్కే కదా,
ఆ పొద్దు నోట్లో లెక్క లేదు.
"లైక్ ఎనీథింగ్ సార్" అన్నాను.
అవతల ఎవరిదో కుళాయి
తిప్పి తిప్పి వదిలిన చప్పుడు.
ఆయన నా ఇంగ్లీషు సరిదిద్దలేదు.

ఆదివారం మేడం నాలుగింటికీ టిక్కు పెట్టింది.
గురక కాడ కాస్త నవ్వింది కూడా.
ఐదో అంకె పక్కన ఎర్ర పెన్ను ఆగింది.
"ఖాళీగా వదిలేశావేం?"
వదల్లేదు మేడం, అదే వాక్యం, అనాలనుకున్నాను.
అంత ఇంగ్లీషు రాదు.
"పోనీ మీ తెలుగులో చెప్పు" అంది.

క్లాసంతా నా వైపు తిరిగింది.
గొంతు సవరించుకుని
శా అన్నాను.
చేద దిగుతా ఉంది.
తాడు అయిపోవస్తా ఉంది.
నా
ఇంకా తగల్లేదు.